శ్రీలంకకు వేసవి సెలవుల్లో వెళ్లకూడదా? ఆ వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

ఏప్రిల్ వచ్చిందంటే ఫ్యామిలీ గ్రూపుల్లో ఈ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇదీ: శ్రీలంకకు డిసెంబర్ నుంచి మార్చి లోపే వెళ్లాలి, అప్పుడు దేశమంతా ఎండ. మే నుంచి సెప్టెంబర్ దాకా దేశమంతా వాన, వెళ్తే డబ్బు దండగ. ఉష్ణదేశం కాబట్టి స్వెటర్లు అక్కర్లేదు. చిన్న ద్వీపం కాబట్టి మూడు రోజుల్లో చుట్టేయొచ్చు.

మన పిల్లలకు సెలవులుండేదే ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. ఈ మెసేజ్‌ను నమ్మితే స్కూలు పిల్లలున్న ఇంట్లో ఎవరూ ఆ దేశం మొహం చూడక్కర్లేదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"మే నుంచి సెప్టెంబర్ దాకా దేశమంతా వాన." ఇది పూర్తిగా తప్పు. శ్రీలంక మధ్యలో కొండలున్నాయి. వాటిలో ఎత్తైనది పిదురుతలాగల, 2,524 మీటర్లు. మేలో నైరుతి గాలి అరేబియా సముద్రం వైపు నుంచి తేమతో వచ్చి ఈ కొండల్ని తాకి, పడమటి వాలుల మీదే చాలావరకు కురిసేస్తుంది. కొలంబో, గాల్లే, రత్నపుర తడిసేది అందుకే. కొండ దాటి తూర్పుకు దిగేసరికి ఆ గాలిలో తేమ ఉండదు, వేడెక్కిపోతుంది. అక్కడి తమిళులు దాన్ని కచ్చాన్ గాలి అంటారు. తూర్పు తీరంలోని ట్రింకోమలీలో జూన్ నెలంతా కలిపినా సగటు వాన 30 మిల్లీమీటర్లు దాటదు. నీలావెలి, పాసికుడా బీచ్‌లలో సముద్రం ప్రశాంతంగా ఉండేది, అరుగంబేకు సర్ఫింగ్ చేసేవాళ్లు వచ్చేది ఈ నెలల్లోనే. ఎండకు మిన్నేరియా చెరువు కుంచించుకుపోయి గట్టున పచ్చిక పైకి తేలితే జులై నుంచి సెప్టెంబర్ దాకా ఏనుగుల మందలు అక్కడికి చేరతాయి. తేయాకు తోటలదీ ఇదే లెక్క. తూర్పు వాలులోని ఊవా టీకి మంచి రుచి వచ్చేది జులై–సెప్టెంబర్ పొడిగాలికి, పడమటి వైపు దింబుల టీకి జనవరి–మార్చిలో.

మన భక్తులకు ఇది మరీ ముఖ్యం. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా మనం చెప్పుకునే శాంకరీదేవి చోటు ట్రింకోమలీలో, కోణేశ్వరం కొండ మీద. అంటే సరిగ్గా ఈ మెసేజ్ వద్దంటున్న నెలల్లో పొడిగా ఉండే ఊరు.

"డిసెంబర్‌లో దేశమంతా ఎండ." నాకు ఎక్కువ భయం ఈ మాటతోనే, ఎందుకంటే సగం నిజం. గాల్లే, మిరిస్సా వైపు డిసెంబర్ చివరికి వానలు తగ్గుతాయి, మిరిస్సాలో తిమింగలాలు చూపించే పడవలు నడుస్తుంటాయి. కానీ తూర్పు, ఉత్తర తీరాలకు అసలు వానాకాలమే అది. నెల్లూరు, తిరుపతి వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు, వాళ్ల చెరువులు నింపే ఈశాన్య రుతుపవనమే ఇది కూడా. ట్రింకోమలీలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి జనవరి లోపే పడుతుంది. దేశమంతా ఒకేసారి తడిసే కాలం నిజంగా ఏదైనా ఉందంటే అది అక్టోబర్, నవంబర్. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే రోజులవి. 1978 నవంబర్‌లో తూర్పు తీరంలోని మట్టకలప్పును (బట్టికలోవా) కూల్చిన తుఫాను, 2025 నవంబర్ చివర్లో వందల మందిని పొట్టన పెట్టుకున్న దిత్వా, రెండూ ఆ కాలంలో వచ్చినవే. పెద్దవాళ్లతో యాత్ర పెట్టుకునేవాళ్లు ఆ రెండు నెలలూ వదిలేయడం మంచిది. ఆ మెసేజ్‌లో ఈ హెచ్చరిక ఒక్క ముక్క కూడా లేదు.

"స్వెటర్లు అక్కర్లేదు." నువర ఎలియ 1,800 మీటర్లకు పైన ఉంది. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో అప్పుడప్పుడు గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. సీతమ్మ గుడి ఉన్న సీతా ఎలియ కూడా ఆ పక్కనే. స్వెటర్ పెట్టుకోండి.

"మూడు రోజులు చాలు." 65,610 చదరపు కిలోమీటర్ల దేశం ఇది. కొలంబో నుంచి మాతర, హంబన్‌తోట వైపు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది కాబట్టి దక్షిణానికి త్వరగా చేరొచ్చు. కొండదారి సంగతి వేరు. కొలంబో నుంచి నువర ఎలియకు 200 కిలోమీటర్లు కూడా లేకపోయినా అయిదారు గంటలు పడుతుంది, వాన పడితే ఇంకా ఎక్కువ. మూడు రోజుల్లో అన్నీ చూడాలనుకుంటే డ్రైవర్ చీకట్లో, వానలో మలుపులు తిప్పాల్సి వస్తుంది. అది ప్రాణాలతో ఆట.

మరి మే నెలాఖరులో వెళ్లాలంటే? ఎయిర్‌పోర్టు ఉన్న కటునాయక నుంచి కురునేగల, దంబుల్లా మీదుగా ట్రింకోమలీకి పోతే పెద్ద కొండలు తగలవు. దారిలో సిగిరియా రాతికోట ఉంది, తెల్లవారగానే ఎక్కేయండి, పది దాటితే రాయి కాలుతుంది. అనురాధపురం, జాఫ్నా కూడా ఆ రోజుల్లో పొడిగానే ఉంటాయి. శ్రీపాద కొండ యాత్ర మాత్రం మేలో వచ్చే వెసాక్ (బుద్ధ) పౌర్ణమితో ముగుస్తుంది, ఆ ఆశ పెట్టుకోవద్దు. నువర ఎలియ తప్పదనుకుంటే ముందురోజు అక్కడి భవన పరిశోధన సంస్థ ఇచ్చే కొండచరియల హెచ్చరికలు చూసుకోండి. పసుపు, అంబర్ (ముదురు పసుపు), ఎరుపు అని మూడు స్థాయిలుంటాయి. మీరు వెళ్లే జిల్లాకు అంబర్ గానీ ఎరుపు గానీ ఉంటే ఆ రోజు కొండెక్కకండి. దారిలో ఇబ్బంది వస్తే విపత్తు నిర్వహణ కేంద్రం నంబర్ 117.