మావయ్యా, అది కోచింగ్ సెంటర్ కాదు

గంట క్రితం మా ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ ఇంకా చెవుల్లోనే ఉంది. అన్నం తినబుద్ధి కాలేదు. ఇక్కడ రాసుకుంటే తప్ప నిద్ర పట్టేలా లేదు.

జరిగింది చిన్న విషయమే. మేముండేది ఐర్లండ్‌లోని లిమరిక్‌లో. మా వాడికి పదకొండేళ్ళు. ఇవాళ యూనివర్సిటీ ఆఫ్ లిమరిక్ కాంపస్‌కి వెళ్ళాం. మన్‌స్టర్ అంటే ఐర్లండ్‌లో దక్షిణ ప్రాంతం, ఆ ప్రాంతపు రగ్బీ జట్టు హై పెర్ఫార్మెన్స్ సెంటర్ అక్కడే ఉంది. వాడు ఎర్ర జెర్సీ వేసుకుని, దాని ముందు నిలబడి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఫోటో దిగాడు. మురిసిపోయి గ్రూప్‌లో పెట్టాను. మా మావయ్య అడిగాడు, "ఏం సెంటరమ్మా అది, ఐఐటీ ఫౌండేషనా?" అని. కాదు, రగ్బీ ఆటగాళ్ళు ట్రైనింగ్ అయ్యే చోటు అని చెప్పాను. వెంటనే వాయిస్: "బంతి పట్టుకుని ఒకడి మీద ఒకడు పడటానికి అంత బిల్డింగా! వాడి లెక్కలు ఎలా ఉన్నాయో చూడు ముందు. ఆటలు కూడు పెట్టవు."

స్పీకర్‌లో విన్నాను, అదే నా తప్పు. మా వాడికి తెలుగు మాట్లాడటం తక్కువ గానీ అర్థం అవుతుంది. ఏమీ అనలేదు. జెర్సీ విప్పి కుర్చీ మీద వేసి గదిలోకి వెళ్ళిపోయాడు.

ఒకడి మీద ఒకడు పడటమట. మన కబడ్డీలో చేసేదేంటి మరి? కూతకు వచ్చినవాణ్ణి కాలు పట్టి, నడుం పట్టి, ఐదుగురు కలిసి గీత దాటకుండా ఆపడం కాదా? మా ఊళ్ళో సంక్రాంతి పోటీలకి ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చునేది ఈ మావయ్యే. ఊరివాళ్ళు ఆడితే పౌరుషం, ఇక్కడివాళ్ళు ఆడితే పనిలేనితనమా?

లిమరిక్ అంటే ఎంత ఊరనుకుంటున్నారు? లక్ష జనాభా. ఇక్కడి థోమండ్ పార్క్ స్టేడియంలో పాతికవేల మందికి పైగా పడతారు. 1978 అక్టోబర్ 31న అదే మైదానంలో మన్‌స్టర్ జట్టు న్యూజిలాండ్‌ని 12-0తో ఓడించింది. ఐర్లండ్ దేశం జట్టుకు ఆ పని చేయడానికి 2016 దాకా పట్టింది. డబ్లిన్‌లో రగ్బీ ఎక్కువగా ఫీజులు కట్టే పెద్ద స్కూళ్ళ ఆట. లిమరిక్‌లో అలా కాదు, డాక్టరు కొడుకూ ఆడతాడు, ఓడల రేవులో మూటలు మోసినాయన కొడుకూ ఆడతాడు. అందుకే నాకు ఈ ఊరంటే ప్రాణం.

ఆ సెంటర్ ఊరికే రాలేదు మావయ్యా. 2016కి ముందు జట్టు రెండు ముక్కలుగా ఉండేది. సగం మంది కార్క్‌లో, సగం మంది లిమరిక్‌లో. మధ్య వంద కిలోమీటర్ల రోడ్డు. కలిసి ప్రాక్టీస్ చేయాలంటే ఎవరో ఒకరు కార్లెక్కి రావాలి. ఒక స్క్రమ్‌లో ఎనిమిది మంది భుజాలు కలిపి ఒకే మనిషిలా నెట్టాలి, వాళ్ళేమో వారంలో కొన్ని రోజులు వేరే వేరే ఊళ్ళలో! అందరినీ ఒక చోటికి తేవడానికే ఇది కట్టారు. కార్క్ వాళ్ళకి ఇప్పటికీ మంటే. నాతో పనిచేసే కార్క్ అమ్మాయి ఆ మాటెత్తితే టీ తాగడం మానేసి వాదిస్తుంది, పెద్ద ఊరు మాది, జట్టునేమో మీరు పట్టుకుపోయారని. ఆమె కోపం నాకు అర్థమవుతుంది. ఆట తన ఊళ్ళో ఉండాలని కోపం. మనవాళ్ళకి అసలు ఉండకూడదని కోపం.

మేం వచ్చిన ఏడాదే, 2016లో, ఆ సెంటర్ తెరిచారు. ఆ అక్టోబర్ 16న మన్‌స్టర్ కోచ్ ఆంథొనీ ఫోలీ పారిస్‌లో మ్యాచ్ రోజున హోటల్ గదిలో చనిపోయాడు. 42 ఏళ్ళు. 2006లో కెప్టెన్‌గా యూరప్ కప్ తెచ్చినవాడు. ఆరు రోజులకి థోమండ్ పార్క్‌లో స్కాట్లండ్ జట్టు గ్లాస్గోతో మ్యాచ్. ఆయన వేసుకునే 8వ నంబర్ జెర్సీ ఆ రోజు ఎవరూ వేసుకోలేదు. ఒకడికి రెడ్ కార్డు పడి పదిహేను మందిలో పద్నాలుగు మందే మిగిలినా 38-17తో గెలిచారు. నాకు అప్పటికి రూల్స్ కూడా తెలియవు. టీవీ ముందు కూర్చుని సొంత అన్న పోయినట్టు ఏడ్చాను. రెండు వారాలకి షికాగోలో న్యూజిలాండ్ వాళ్ళు మ్యాచ్‌కి ముందు చేసే హాకా అనే వీరనృత్యం చేస్తుంటే ఐర్లండ్ ఆటగాళ్ళు ఎదురుగా 8 ఆకారంలో నిలబడ్డారు. ఆటలు కూడు పెట్టవని చెప్పిన మనిషికి ఇది ఏ భాషలో చెప్పాలి?

లోపల ఏం జరుగుతుందో కూడా చెప్తాను. జిమ్ ఒక్కటే కాదు. వీపు మీద జీపీఎస్ పెట్టి ఎవరు ఎంత పరిగెత్తారో లెక్క చూస్తారు, ఎక్కువైతే మర్నాడు ప్రాక్టీస్ తగ్గిస్తారు. ఏం తినాలో చెప్పేవాళ్ళుంటారు. మోకాలి లిగమెంట్ తెగితే స్కాన్, ఆపరేషన్, ఆ తర్వాత సుమారు తొమ్మిది నెలలు ఫిజియో పక్కనే ఉండి నడిపిస్తాడు, వంచిస్తాడు, పరిగెత్తిస్తాడు. మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే బయటికి పిలిచి పన్నెండు నిమిషాల్లో పరీక్ష చేస్తారు. డాక్టర్ వద్దంటే కోచ్ కావాలన్నా ఆ కుర్రాడు మళ్ళీ లోపలికి వెళ్ళడు.

మోకాలి సంగతి ఊరికే రాయలేదు.

తొమ్మిదో తరగతిలో నేను జిల్లా కబడ్డీ జట్టుకి సెలెక్ట్ అయ్యాను. కూతకు వెళ్ళి వెనక్కి తిరుగుతుంటే మోకాలు లోపల టప్‌మని శబ్దం వచ్చింది. మా స్కూల్లో గ్రౌండ్ ఉండేది గానీ డ్రిల్ పీరియడ్ ఉండేది కాదు, లెక్కల మాస్టారు తీసుకునేవారు. ఫిజియో అన్న మాట అప్పటికి నేను వినలేదు. నూనె రాశారు, కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు, నెల రోజులకి తగ్గిపోయిందన్నారు. తగ్గలేదు. మళ్ళీ ఆడలేదు. మంచం మీద ఉన్నప్పుడు చూడటానికి వచ్చి, "పోనీలే, ఇక బుద్ధిగా చదువుకుంటుంది" అని నవ్వింది ఎవరో తెలుసా? ఇదే మావయ్య. ఇరవై ఆరేళ్ళయింది. ఇక్కడ చలికాలం మెట్లు దిగుతుంటే ఆ మోకాలు పట్టేస్తుంది, ఆ మాట గుర్తొస్తుంది.

నాకు ఒక్క స్కాన్ తీయించి ఉంటే సరిపోయేది. ఒక్క మనిషి "ఇది బాగవుతుంది, మళ్ళీ ఆడతావు" అని ఉంటే సరిపోయేది. ఇక్కడ అదే పని కోసం ఒక ఇల్లు కట్టారు. దాని ముందు నా కొడుకు నిలబడి నవ్వాడు. ఆ నవ్వుని ఇరవై సెకన్ల వాయిస్‌తో తుడిచేశారు.

మావయ్యా, నువ్విది చదువుతావని తెలుసు. నాకు సారీ చెప్పక్కర్లేదు. గ్రూప్‌లోంచి ఆ వాయిస్ తీసేయ్. వాడు పొద్దున్నే లేచి నా ఫోన్ తీసుకుంటాడు, అప్పటికి అది అక్కడ ఉండకూడదు.