క్రిస్మస్ క్విజ్ పెట్టే మహానుభావులకు ఒక మనవి

డిసెంబర్ సగం దాటిందంటే చాలు, ప్రతి పార్టీలోనూ ఎవరో ఒకరు కాగితం పట్టుకుని లేస్తారు, "ఇప్పుడు చిన్న క్విజ్!" అంటూ. ఆ కాగితం పుట్టుపూర్వోత్తరాలు మనకు తెలియనివా? పార్టీకి అరగంట ముందు నెట్‌లో వెతికి, పైన కనబడ్డ ఇరవై ప్రశ్నల్ని చదవనైనా చదవకుండా ప్రింట్ తీసింది. మొదటి ప్రశ్న: రుడాల్ఫ్ ముక్కు ఏ రంగు? (సాంటా బండి లాగే రెయిన్‌డీర్లలో, అంటే మంచు దేశాల జింకల్లో, ఒకటి రుడాల్ఫ్.) అందరూ ఒక్కసారే "ఎరుపు" అని అరుస్తారు. రెండోది: సాంటా బండి లాగే మిగతా ఎనిమిది రెయిన్‌డీర్ల పేర్లు చెప్పండి. గది గప్‌చుప్. చిన్నప్పుడు ఆ పేర్లున్న ఇంగ్లీషు పద్యం కంఠతా పట్టినవాళ్ళెవరో ఒక్కరు గడగడా చదివేస్తారు, మార్కులన్నీ వాళ్ళ టీముకే. మూడో ప్రశ్నకల్లా మిగతావాళ్ళు ఫోన్లలో తల దూర్చేస్తారు.

బళ్ళో ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం. వచ్చినవాడికి వచ్చు, రానివాడికి రాదు, మధ్యలో ఆలోచించడానికి ఏమీ లేదు. నా గోల ఒక్కటే. పార్టీలో వేసే ప్రశ్న జవాబు తెలియనివాడు కూడా నోరు విప్పగలిగేలా ఉండాలి. తప్పో ఒప్పో ఊహించాలి, పక్కవాడితో వాదించాలి, జవాబు విన్నాక "అబ్బా, అవును కదా!" అనుకోవాలి. క్రిస్మస్ గురించి అలాంటివి బోలెడున్నాయి. అవన్నీ వదిలేసి ముక్కు రంగు అడుగుతారేంటండీ?

అదే రెయిన్‌డీర్లనే తీసుకోండి. పేర్లు అడక్కండి. ఇలా అడగండి: బొమ్మల్లో సాంటా బండి లాగే రెయిన్‌డీర్లు ఆడవా, మగవా? క్రిస్మస్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా దీనికి ఒక పక్షం వహించగలరు. ముందు అందరూ "మగవే, కొమ్ములున్నాయి కదా" అంటారు. అక్కడే పప్పులో కాలేస్తారు. జింక జాతి మొత్తంలో ఆడవాటికి కూడా మామూలుగానే కొమ్ములు వచ్చేది రెయిన్‌డీర్లకే. పైగా ఎదిగిన మగవి జతకట్టే కాలం అయిపోగానే, శీతాకాలం మొదట్లోనే కొమ్ములు రాల్చేసుకుంటాయి. ఆడవి మాత్రం వసంతంలో ఈనేదాకా ఉంచుకుంటాయి. కడుపుతో ఉన్నప్పుడు మంచు తవ్వి తీసుకున్న మేతను ఇంకొకటి లాక్కోకుండా కాచుకోవడానికి అవి పనికొస్తాయి. అంటే డిసెంబర్ 24 రాత్రి నిండు కొమ్ములతో ఎగురుతున్నాయంటే అవి ఆడవే అయ్యుండాలి!

గదిలో ఆడవాళ్ళు చప్పట్లు కొడతారు. కానీ అయిపోలేదు. కాస్త తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి అడ్డం పడతారు: వృషణాలు తీసేసిన మగవాటికి కూడా కొమ్ములు ఆలస్యంగానే రాలతాయి, ఉత్తరాది మంచు దేశాల్లో బండి లాగించేది ఎక్కువగా వాటితోనే అని. అదీ నిజమే. ఇప్పుడు అర మార్కు కోసం గొడవ మొదలవుతుంది. మొదలవనివ్వండి. పార్టీకి కావలసింది ఆ గొడవే.

రుడాల్ఫ్ గురించి అడిగి తీరాలనుకుంటే దానికీ మంచి ప్రశ్న ఉంది. రుడాల్ఫ్‌ను పుట్టించింది చర్చా, జానపద కథా, డిపార్ట్‌మెంట్ స్టోరా? మూడోదే. 1939లో అమెరికాలో మాంట్‌గోమరీ వార్డ్ అనే దుకాణం పండక్కి పిల్లలకు ఉచితంగా పంచడానికి తన ఉద్యోగి రాబర్ట్ మే చేత రాయించుకున్న చిన్న పుస్తకం అది. మొదటి ఎనిమిదింటి పేర్లున్న పద్యం అచ్చయింది 1823లో. అంటే తొమ్మిదోది బండి ఎక్కడానికి నూటపదహారేళ్ళు పట్టింది.

ఇక రెండో గోల. ఇది కాస్త గట్టిదే. జవాబుల కాగితంలో జవాబులు తప్పు ఉండటం.

"యేసును చూడటానికి ఎంతమంది జ్ఞానులు వచ్చారు?" అని అడుగుతారు. కాగితంలో "ముగ్గురు" అని ఉంటుంది. ఎవరైనా "బైబిల్లో సంఖ్య లేదండీ" అన్నారనుకోండి, క్విజ్ మాస్టారు ఒప్పుకోరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, తన కాగితంలో ముగ్గురే జ్ఞానులు. మత్తయి సువార్త రెండో అధ్యాయం తీసి చూడండి. తూర్పు దేశపు జ్ఞానులు వచ్చారని ఉంది, బంగారం, సాంబ్రాణి, బోళం ఇచ్చారని ఉంది. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురే అని తర్వాతివాళ్ళు లెక్క కట్టుకున్నారు. గాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అనే పేర్లు కూడా అలా తర్వాత చేరినవే. ఇంకో తమాషా: మత్తయి ప్రకారం వాళ్ళు వెళ్ళింది ఇంటిలోకి. పశువుల తొట్టి ఉన్నది లూకా సువార్తలో, నక్షత్రం ఉన్నది మత్తయిలో. రెండు కథల్నీ ఒకే పాకలో కూర్చోబెట్టింది మన బొమ్మల కొలువులే. మరియ గాడిద మీద వెళ్ళిందని రెండింటిలోనూ లేదు.

ఒక్క మాట. ఇలాంటివి ఒకటి, మహా అయితే రెండు చాలు. గదిలో ఆ పండగను ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఉంటారు. "మీ బైబిల్లో లేదుగా" అని గెలిచినట్టు నవ్వే క్విజ్ మాస్టర్ని నేనైతే మళ్ళీ పిలవను. చాలాసార్లు ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పేది రోజూ బైబిల్ చదివే వాళ్ళే.

తర్వాతది సాంటా ఎర్ర కోటు. కోకా-కోలా వాళ్ళే ప్రకటనల కోసం సాంటాకు ఎరుపు వేశారని కాగితంలో రాసేసి ఉంటుంది. అదిగో పులి అంటే ఇదిగో తోక. హాడన్ సండ్‌బ్లమ్ అనే చిత్రకారుడు ఆ కంపెనీ కోసం సాంటాను గీయడం మొదలుపెట్టింది 1931లో. ఆ బొమ్మలు ప్రపంచమంతా పాకాయి, అంతవరకూ నిజం. కానీ థామస్ నాస్ట్ అనే అమెరికా కార్టూనిస్టు అంతకు యాభై ఏళ్ళ ముందే, 1881లో, హార్పర్స్ వీక్లీ పత్రికలో ఆ బొద్దు పొట్ట, గడ్డం, పొగాకు పైపు, చేతినిండా బొమ్మలు, అన్నీ గీసేశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోని పోస్టుకార్డుల మీద ఎర్ర కోటు సాంటాలు కావలసినంతమంది. ఇంగ్లండ్ రాజవంశానికి క్రిస్మస్ చెట్టు పరిచయం చేసింది విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ అన్నదీ ఇదే బాపతు. విక్టోరియా నాయనమ్మ షార్లట్ రాణి 1800లోనే విండ్సర్‌లో పెట్టించింది.

పాటల రౌండ్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రెండు సెకన్లు వాయించి "ఏ పాట?" అనడం ఆ పాటలతో పెరగనివాళ్ళను గోడకు నెట్టడమే. కథ ఉన్న ప్రశ్న అడగండి. అంతరిక్షంలో మనుషులు వాయించిన మొదటి పాట ఏది? అందరూ ఏదో జాతీయ గీతం అంటారు. 1965 డిసెంబర్‌లో అమెరికా అంతరిక్ష నౌక జెమిని-6లో ఉన్న వ్యోమగాములు వాలీ షిరా, టామ్ స్టాఫర్డ్ కింద ఉన్నవాళ్ళకు గంభీరంగా ఒక కబురు చెప్పారు: ఏదో వస్తువు కనిపిస్తోంది, ఉపగ్రహంలా ఉంది, ఉత్తరం నుంచి దక్షిణానికి పోతోంది అని. కింద వింటున్నవాళ్ళ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో! ఆ వస్తువు సాంటా బండి అన్నమాట! అప్పుడు దాచి తీసుకెళ్ళిన చిన్న హార్మోనికా, గంటలు బయటికి తీసి 'జింగిల్ బెల్స్' వాయించారు. దానికే అనుబంధ ప్రశ్న: ఆ పాటలో క్రిస్మస్ అన్న మాట ఎన్నిసార్లు వస్తుంది? ఒక్కసారి కూడా రాదు. జేమ్స్ పియర్‌పాంట్ 1857లో అచ్చు వేయించింది మంచులో గుర్రబ్బండి షికారు పాట మాత్రమే.

'సైలెంట్ నైట్' అనే క్రిస్మస్ పాట విషయంలో మాత్రం, ఎలుకలు చర్చిలోని ఆర్గన్ వాద్యాన్ని కొరికేయడం వల్లే అది పుట్టిందన్న కథ అడగకండి. వినడానికి ముద్దుగా ఉంటుంది గానీ ఆ కాలపు ఆధారం లేదు. 1818 డిసెంబర్ 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో ఆ పాట మొదటిసారి పాడినప్పుడు తోడుగా వాయించిన వాద్యం ఏది అని అడగండి. గిటార్ అని ఎవరూ అనరు.

సైన్సు బ్యాచ్ మొహం మాడ్చుకుని కూర్చుంటే వాళ్ళకో బాంబు ఉంది: న్యూటన్ క్రిస్మస్ రోజున పుట్టాడా? "అవును" అన్నవాళ్ళూ "కాదు" అన్నవాళ్ళూ ఇద్దరూ కొట్టుకోవచ్చు, ఇద్దరిదీ ఒప్పే. అప్పటి ఇంగ్లండ్ పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం 1642 డిసెంబర్ 25. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ ప్రకారం 1643 జనవరి 4. అప్పటికి రెండింటికీ తేడా పది రోజులు. ఇంగ్లండ్ 1752 దాకా మారలేదు. ఈ తేడా ఇప్పుడు పదమూడుకు పెరిగింది. జూలియన్ లెక్క వదలని రష్యా, సెర్బియా ఆర్థడాక్స్ చర్చిలకు డిసెంబర్ 25 మన జనవరి 7న రావడం అందుకే. ఆ లెక్క అలాగే పట్టుకుని ఉంటే 2101 నుంచి వాళ్ళ క్రిస్మస్ జనవరి 8కి జరుగుతుంది, ఎందుకంటే 2100 మనకు లీపు సంవత్సరం కాదు, వాళ్ళకు అవును. ఈ ఒక్క ప్రశ్న మీద ఒక పార్టీ పావుగంట నడుస్తుంది.

క్రిస్మస్ చేసుకుంటే జరిమానా వేసిన క్రైస్తవులు ఎవరు అన్నది కూడా బాగా పేలుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న ప్యూరిటన్లు (మహా కట్టుదిట్టమైన ప్రొటెస్టంట్లు), 1659 నుంచి 1681 దాకా, ఐదు షిల్లింగులు.

నిర్వహణ గురించి ఎక్కువ చెప్పను. టీములు మీరే కలపండి, స్నేహితులంతా ఒకే బల్ల దగ్గర చేరనివ్వకండి. పదిహేను ప్రశ్నలు మించొద్దు. జవాబు మీద ఎవరైనా అభ్యంతరం చెబితే వినండి, మార్కు ఇచ్చేయండి, మీ ఆస్తులేం కరిగిపోవు.

సమానం వస్తే విడగొట్టడానికి అంకె ప్రశ్న ఉంచుకోండి, దగ్గరగా చెప్పినవాళ్ళకే బహుమతి. నా చేతిలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది: 'ద ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్' పాటలో ప్రియుడు పంపిన కానుకలు మొత్తం ఎన్ని? డెబ్బై ఎనిమిది అని చటుక్కున అనేవాళ్ళు ఒకటి నుంచి పన్నెండు దాకా కూడి ఊరుకున్నవాళ్ళు. కొత్త కానుకలు మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పన్నెండో రోజుకు పన్నెండు. పైగా ఆయన ప్రతిరోజూ కొత్తదానితో పాటు పాతవన్నీ మళ్ళీ పంపుతాడు. చెట్టు మీది కౌజుపిట్ట పన్నెండు రోజులూ వస్తుంది కాబట్టి పన్నెండు. జంట గువ్వలు పదకొండు రోజులు, ఇరవై రెండు. అలా పోగా బాతులు నలభై రెండు, హంసలు నలభై రెండు దగ్గర శిఖరం తాకి, మళ్ళీ దిగుతూ చివరి రోజు డప్పులవాళ్ళు పన్నెండు మంది. మొత్తం 364. టిష్యూ పేపర్ మీద లెక్క వేసుకోనివ్వండి, క్యాలిక్యులేటర్ మాత్రం ఇవ్వకండి.