గ్రంథాలయ పన్ను గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ గ్రంథాలయ పన్ను గారికి, ఏటేటా తమను దగ్గరుండి సాగనంపే ఒక పాఠకుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. తమరి క్షేమసమాచారాలు మాత్రం చాలాకాలంగా తెలియరావడం లేదు.

ఇంటిపన్ను రసీదులో తమరు ఎవరి కంటా పడకూడదన్నట్టు ఒక మూల ఒదిగి కూర్చుంటారు. రూపాయికి 8 పైసల వంతున తమరి లెక్క. మా ఇంట్లో ఆ రసీదును ఆసాంతం చదివేది నేనొక్కణ్ణే. చేతికందిన కాగితమల్లా చదవడం నాకు చిన్నప్పుడే పట్టిన జబ్బు. శనగపప్పు పొట్లం విప్పి, పప్పు డబ్బాలో పోయకుండానే కాగితం చదువుతూ నిలబడి అమ్మచేత చీవాట్లు తిన్నవాణ్ణి. ఆ జబ్బు ముదిరింది మాత్రం తమరి ఉప్పు తిన్న చోటనే, అంటే మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే.

రెండు బల్లలు, ఒక బీరువా, దానికి తాళం, ఆ తాళంచెవి దాచుకున్న జేబు, ఆ జేబు గల గ్రంథపాలకుడు గారు: ఇదీ మొత్తం సంస్థ. సంతకం చేయనిదే లోపలికి రానిచ్చేవారు కారు కనుక నాకు సంతకం అలవడింది ఆ రిజిస్టరులోనే. చందమామను ఎవరూ ఎత్తుకుపోకుండా మూలన చిల్లు పెట్టి పురికొసతో బల్లకు కట్టి ఉంచేవారు. అందువల్ల భేతాళుడు నెలనెలా చెట్టెక్కినా పుస్తకం మాత్రం బల్ల దిగేది కాదు. డిటెక్టివ్ నవలల్లో చాలావాటికి ఆఖరి పేజీలు ఉండేవి కావు. ఒకదానికి ఉన్నాయని సంబరపడి ఇంటికి తెచ్చుకుంటే, నాకంటే ముందు చదివిన పుణ్యాత్ముడెవరో మూడో పేజీ అంచున ‘హంతకుడు డాక్టరే’ అని పెన్సిలుతో రాసిపెట్టాడు. ఉసూరుమంటూనే చివరిదాకా చదివాను. చంపింది డాక్టరు కాదు, వంటమనిషి. ఆ మహానుభావుణ్ణి తిట్టుకోలేకపోయాను, ఎందుకంటే ఆయన అబద్ధం వల్లనే ఆ నవల నాకు రెండింతలు రుచించింది.

మొన్న అదే గ్రంథాలయానికి వెళ్లాను. బీరువా అదే, తాళమూ అదే. కొత్త పుస్తకాల అరలో అన్నిటికంటే కొత్తదానికి మా అబ్బాయికంటే వయసు ఎక్కువ. వాడికి నిరుడే పెళ్లయింది. పోటీ పరీక్షల పిల్లలు తమ పుస్తకాలు తామే సంచుల్లో మోసుకొచ్చి, కుర్చీలు చాలక మెట్లమీద కూర్చుని చదువుకుంటున్నారు. ఇదేమిటండీ అని గ్రంథపాలకుడు గారిని అడిగితే, పన్ను బకాయిలు ఇంకా జమకాలేదని సెలవిచ్చారు. పురపాలక కార్యాలయంలో బయలుదేరి, జిల్లా గ్రంథాలయ సంస్థను పలకరించి, ఇక్కడికి చేరవలసిన తమరు ఎక్కడ ఆగిపోయారా అని అప్పటినుంచీ నాకు ఒకటే బెంగ. దారిలో జీతాలు, వీధిదీపాలు, మురుగుకాలువలు మొదలైన బంధువులు ఎదురుపడి, భోంచేసి పొమ్మని చెయ్యి పట్టుకుని ఉంటారు. మొహమాటస్తులు కదా, తమరు కాదనలేకపోయి ఉంటారు.

ఒక పాత సంగతి మనవి చేస్తాను, కోపగించుకోవద్దు. 1935లో, తమరింకా పుట్టనే లేని రోజుల్లో, గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పేర్చి, కాలువ వెంట ఊరూరా జనం చేత చదివించారు. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టంతో తమరు అవతరించారు. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం కూడా వచ్చింది. ఏ పన్నూ లేని కాలంలో పుస్తకాలు నీళ్లమీద ప్రయాణం చేశాయి. పన్ను కడుతున్న కాలంలో పుస్తకాల డబ్బు తారురోడ్డు మీద రెండు వీధులు దాటలేకపోతున్నది. లోపం రోడ్డుదేనేమో, విచారించాలి.

చిన్నప్పుడు గడువు దాటిన పుస్తకానికి నాచేత రోజుల లెక్కన జరిమానా కట్టించేవారు. ఒకసారి వానలకు వాగు పొంగి వెళ్లలేకపోయానన్నా వినలేదు, పుస్తకం వెనక చీటీమీద పడిన తేదీ ముద్రే ప్రమాణమన్నారు. తమరు బయలుదేరిన తేదీల రసీదులన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ లెక్కన తమరి జరిమానా ఎంతవుతుందో కట్టి తెలియజేస్తాను. తెచ్చేటప్పుడు ఆ బీరువా తాళానికి కాస్త నూనె కూడా తేగలరు.

ఇట్లు
తమరి రాకకై మెట్లమీద కూర్చున్న పాఠకుడు