2520ని వదిలేయండి బాబూ

ఈ వారంలో ఇది నాలుగోసారి. రాజాం బావగారు, బొబ్బిలి పిన్ని, ఇంటర్ స్నేహితుల గ్రూపు, చివరికి మా పాలబ్బాయి కూడా పంపేశాడు: "2520 వింత సంఖ్య! 1 నుంచి 10 దాకా అన్నింటితోనూ భాగారం పోయే సంఖ్య ఉండదని ప్రపంచ మేధావులు తేల్చేశారు. మన రామానుజన్ కనిపెట్టి నోళ్లు మూయించాడు. అలాంటిది ఇదొక్కటే. రహస్యం: వారానికి 7 రోజులు × నెలకు 30 రోజులు × 12 నెలలు. భారతీయుడివైతే పదిమందికి పంపు."

ఇదొక్కటేనా? 5040 చూడండి, 7560 చూడండి. ఇంకా కావాలంటే 2520 ఎక్కం చదువుకోండి.

7 × 30 × 12 అట. వారం రోజుల్ని నెల రోజులతో గుణిస్తే ఏటొస్తాదో పంపినోళ్లే చెప్పాలి. ఫిబ్రవరికి 30 ఎవరిచ్చారో కూడా. గుణకారం మాత్రం కరెక్టే.

నాకు మండేది "ఉండదని తేల్చేశారు" అన్న ముక్క దగ్గర. 1 నుంచి 10 దాకా వరసగా గుణించుకుంటూ పోతే 36,28,800 వస్తుంది. అది పదింటితోనూ పోతుంది. ఇది తెలీని ఆ మేధావులెవరో, ఏ ఊరివాళ్లో! అలాంటివాటిలో అన్నింటికన్నా చిన్నది కావాలంటే 8, 9, 5, 7 గుణించండి, చాలు. తొమ్మిదో శతాబ్దిలోనే మహావీరాచార్యుడు ఇలాంటి చిన్నదానికి, అంటే క.సా.గు.కి (కనిష్ఠ సామాన్య గుణిజానికి), నిరుద్ధం అని పేరు పెట్టి భిన్నాలు కూడడం నేర్పాడు. ఆయన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన. గర్వపడాలంటే ఇక్కడ పడండి.

మొన్న నా దగ్గరకి ట్యూషన్‌కి వచ్చే ఆరో తరగతి గుంటడు క.సా.గు. లెక్క కింద ఒక్క భాగారం కూడా చెయ్యకుండా 2520 అని వేసి, పక్కన "రామానుజన్" అని రాశాడు. "లెక్క చెయ్యలేదేటిరా?" అంటే, "అది మనం చెయ్యలేం కదండీ సార్, ఆయనకే దొరికింది" అన్నాడు. అయిదు నిమిషాల లెక్క వాడికి దేవుడి మహిమ అయి కూర్చుంది. పోనీ రామానుజన్‌కైనా మర్యాదా అంటే, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు పెట్టె తెరిచారని శాలువా కప్పినట్టుంది.

అయితే ఒక్కచోట నేను తగ్గాలి. 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చయిన రామానుజన్ వ్యాసంలో ఒక పట్టిక ఉంది: తమకంటే చిన్న ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలున్న సంఖ్యలు. అందులో 2520 ఉంది. దానికి భాజకాలు 48. పట్టికలో దాని ముందున్న 1680కి 40. అంటే ఆ పేరూ ఈ సంఖ్యా ఒకే కాగితం మీద నిజంగానే ఉన్నాయి. ఆయన పట్టుకున్నది ఆ సంఖ్యల కట్టుబడిని. 2520లో 2 మూడుసార్లు, 3 రెండుసార్లు, 5, 7 ఒక్కోసారి ఉంటాయి. ప్రధానాంకం పెద్దదయ్యేకొద్దీ దాని వంతు ఎప్పుడూ పెరగదు. మెసేజీలో ఈ ముక్క ఉంటే నేనే పదిమందికి పంపుదును.

నిన్న ఆ గుంటడికి 1 నుంచి 12 దాకా ఇచ్చాను. 2520ని 11తో గుణించి 27720 వేశాడు. 12తో కూడా గుణించబోయి పెన్సిల్ ఆపి, "2520లోనే 12 ఉంది కదండీ సార్" అన్నాడు.