ఇది బిల్లు కాదు, కంగారు పడకండి

టెక్సాస్‌లో ఇల్లో స్థలమో ఉన్న ప్రతివాడికీ ఏప్రిల్, మే నెలల్లో జిల్లాలాంటి కౌంటీలో ఆస్తులకి విలువ కట్టే ఆఫీసు, అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి ఒక కవరు వస్తుంది. అందులో మీ ఆస్తి విలువ కిందటేడు ఎంత, ఈ ఏడు ఎంత అని రెండు అంకెలుంటాయి. రెండో అంకె చూసి మనకు ఏమైనా అయ్యేలోపే పెద్దక్షరాల్లో ఒక భరోసా కనిపిస్తుంది. "ఇది పన్ను బిల్లు కాదు."

ఎంత దయ! లగ్నపత్రిక చేతిలో పెట్టి ఇది పెళ్ళి కాదులెమ్మని ఓదార్చినట్టుంది. అసలు బిల్లు అక్టోబరు ప్రాంతాల్లో వస్తుంది, జనవరి 31లోగా కట్టాలి. ఆ బిల్లు పట్టుకుని పోట్లాటకి వెళితే "గడువు మే 15తోనే అయిపోయిందండీ" అంటారు. నోటీసు ఆలస్యంగా వస్తే అది పంపిన దగ్గర్నుంచి 30 రోజులు. అంటే పోట్లాడితే బిల్లు కాని కాగితం మీదే పోట్లాడాలి. బిల్లు వచ్చాక దణ్ణం పెట్టి కట్టడమే.

సరే, దోషి ఎవరు? అప్రైజల్ ఆఫీసుని అడగండి. "మేం విలువ కడతాం, పన్ను వెయ్యం." పన్ను వేసే స్కూల్ బోర్డుని అడగండి. "మేం రేటు పెంచలేదు, మీ విలువే పెరిగింది." కౌంటీ కమిషనర్లదీ అదే పాట. రాజధాని ఆస్టిన్‌లో అడిగితే, రాష్ట్రానికి ఆస్తి పన్నే లేదని గర్వంగా చెబుతారు. నిజమే, లేదు. కానీ అదే ఆస్టిన్‌లో రాష్ట్ర ఖజానా చూసే కంప్ట్రోలర్ ఆఫీసు కనీసం రెండేళ్ళకోసారి ఈ విలువల్ని తనిఖీ చేస్తుంది. కౌంటీ వాళ్ళు మరీ తక్కువ కట్టారని తేలితే స్కూళ్ళకి ఇచ్చే డబ్బుకి కోత పడే ప్రమాదం ఉంది. ఇక ఏ అప్రైజర్ తగ్గించి కడతాడు? తిలాపాపం తలా పిడికెడు. కట్టేది మాత్రం ఒక్కడే.

పట్నంలో అయితే ఒకే రకం ఇళ్ళు వంద ఉంటాయి, ఒకదాని ధరతో ఇంకోదాన్ని లెక్కకట్టొచ్చు. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, సెలీనా దాటి రెడ్ రివర్ వైపు పల్లె కౌంటీల్లోకి వెళితే అమ్మకాలే అరుదు. పైగా టెక్సాస్‌లో ఎంతకు కొన్నారో ప్రభుత్వానికి చెప్పి తీరాలనే చట్టం లేదు. కాబట్టి కౌంటీ ముఖ్య పట్టణంలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆకాశం నుంచి తీసిన ఫోటో చూసి, మీ వాగునీ, మెస్కీట్ ముళ్ళకంపనీ, మట్టి రోడ్డునీ కలిపి ఎకరానికింత అని దివ్యదృష్టితో తేలుస్తారు. సెప్టిక్ ట్యాంకు, బోరుబావి మీద బతికే మీ స్థలానికి పోలిక ఏమిటయ్యా అంటే చెరువు ఒడ్డున గేటు పెట్టి అమ్మిన వెంచరు.

దీని మీద అప్పీలు వినేది అప్రైజల్ రివ్యూ బోర్డు. ముగ్గురు స్థానికులు, ఒక బల్ల, ప్రమాణం చేయించడం, పావుగంట టైము. ఇక్కడికి మన సాఫ్ట్‌వేర్ సోదరుడు వస్తాడు. ఇస్త్రీ చొక్కా, ల్యాప్‌టాప్, నలభై స్లైడ్లు. మొదటి స్లైడులో ఎజెండా. రెండో దాంట్లో రిగ్రెషన్ గ్రాఫు. ఐదో స్లైడుకి వచ్చేసరికి ముగ్గురిలో పెద్దాయన కళ్ళద్దాలు తీసి అడుగుతాడు. "బాబూ, మీ స్థలంలో నీళ్ళు నిలుస్తాయా?"

"స్లైడ్ ముప్పై ఏడులో ఉంది సర్."

"నిలుస్తాయా, నిలవవా?"

ముప్పై ఏడుకి గెంతుతాడు. వాగు పొంగి కంచె మునిగిన ఫోటో. బల్ల అవతల కదలిక. గెలిచేశాననుకుంటాడు మనవాడు. అప్పుడు అప్రైజర్ గొంతు సవరించుకుంటాడు. "ఈ ఫోటో మే నెలది. మేం విలువ కట్టేది జనవరి 1 నాటికి." జనవరి 1న ఆ వాగు మర్యాదగానే పారింది మరి. మనవాడికి తిక్క రేగి "అయితే ఈ రేటుకి మీరే కొనుక్కోండి" అంటాడు. ప్రతి హియరింగ్‌లోనూ ఎవరో ఒకరు అనే మాటే అది, వాళ్ళు నవ్వను కూడా నవ్వరు. ఇంత పన్ను ఎలా కట్టమంటారు అని బతిమాలితే, "పన్ను సంగతి మా పరిధి కాదు, విలువ గురించి చెప్పండి" అంటారు. చట్ట ప్రకారం అది నిజం కూడా.

ఆ నలభై స్లైడ్లలో లేనిది ఒకటుంది. చాలా కేసుల్లో తమ అంకె సరైనదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్రైజల్ ఆఫీసుదే. వాళ్ళు చూపించబోయే ఆధారాలు ముందుగా అడిగితే హియరింగ్‌కి 14 రోజుల ముందు ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే ఆ ఆధారాలు అక్కడ వాడటానికి లేదు. మనవాడు అడగలేదు. ఫాంటు ఎంచుకునే పనిలో ఉన్నాడు.

కానీ మనవాళ్ళని తక్కువ అంచనా వెయ్యకండి. స్లైడ్లతో ఓడినా తేనెటీగలతో గెలుస్తారు. ఇక్కడ 5 నుంచి 20 ఎకరాల స్థలంలో తేనెటీగలు పెంచితే వ్యవసాయ భూమి కింద లెక్క. అప్పుడు పన్నుకి చూసేది మార్కెట్ ధర కాదు, ఆ నేల మీద పండే ఆదాయం. ఎకరం విలువ వేల నుంచి వందల్లోకి దిగిపోతుంది. అందరూ ఆగ్ ఎగ్జెంప్షన్ అనేది దీన్నే. ఈగలు కూడా సొంతం కానక్కర్లేదు, లీజుకిస్తారు. జీవితంలో తుమ్మెదని చూసి పరిగెత్తినవాడు ఇప్పుడు వాట్సాప్ ప్రొఫైల్‌లో "రైతు" అని పెట్టుకుంటాడు. పెట్టెల దగ్గరకి మాత్రం పోడు, దూరం నుంచి జూమ్ చేసి ఫోటో తీస్తాడు. సంక్రాంతికి అందరికీ తలా ఒక తేనె సీసా పంచి, పన్ను ఎంత మిగిలిందో గుసగుసగా చెబుతాడు. తర్వాత బిల్డరుకి అమ్మి నేల వాడకం మారిస్తే మూడేళ్ళ తేడా కట్టాలి. అది బేరంలో కలిపేస్తాడు.

చట్టమే ఇచ్చింది, వాడుకున్నాడు, తప్పేముంది అంటారు. ఆ కంచె అవతల చూశారా ఎప్పుడైనా? అరెకరంలో పాత ఇల్లు, ఒక ముసలావిడ. ప్రతి పల్లె కౌంటీలోనూ ఉంటుంది ఆవిడ. ఇల్లు ఇప్పటికీ పోయిన మామగారి పేరు మీదే ఉంది. అందుకని సొంత ఇంట్లో ఉండేవాళ్ళకిచ్చే హోమ్‌స్టెడ్ పన్ను రాయితీ తనకి రాదనుకుంది. అది ఉంటే స్కూల్ పన్ను లెక్కలో విలువలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగదు. 65 దాటింది కాబట్టి స్కూల్ పన్ను ఉన్నచోటే ఉంటుంది, ఇక పెరగదు. వారసత్వపు ఇంటికి కూడా ఇవన్నీ ఇవ్వాలని 2019లోనే చట్టం మార్చారు. ఒక అఫిడవిట్, మరణ ధ్రువపత్రం, కరెంటు బిల్లు చాలు. ఈ సంగతి ఆవిడకి చెప్పినవాడు లేడు. ఊళ్ళో పెద్ద గోడౌన్ల యజమానులకి చెప్పడానికి కన్సల్టెంట్లున్నారు, వాళ్ళు ఏటా ప్రొటెస్ట్ చేస్తారు, ఏటా తగ్గించుకుంటారు. మీకు చెప్పడానికి వాట్సాప్ గ్రూపుంది. ఆవిడకి పెద్దక్షరాల్లో "ఇది బిల్లు కాదు" అని ఒక్క ముక్క అచ్చేసి పంపారు, ఆవిడ నమ్మింది, డ్రాయరులో పెట్టేసింది. సిగ్గులేదూ? పది ఎకరాలకి ఈగల పేరు చెప్పి మీరు కట్టేదాని కంటే అరెకరానికి ఆవిడ ఎక్కువ కడుతోంది. మీ పిల్లలు చదివే స్కూలుకే కడుతోంది.

ప్రొటెస్ట్ ఫారం నంబరు 50-132. ఫీజు లేదు. హోమ్‌స్టెడ్ ఫారం వేరు, దాన్ని రెండేళ్ళు ఆలస్యంగా వేసినా తీసుకుంటారు. ఈసారి రెండూ రెండేసి కాపీలు ప్రింటు తీసి కంచె దాటి వెళ్ళండి, కూర్చుని నింపి పెట్టండి. వెళ్ళేటప్పుడు తేనె సీసా మాత్రం తీసుకెళ్ళకండి.