సగటున ఒక మీటరు

పులికాట్ సరస్సు సగటు లోతు ఒక మీటరని పుస్తకాలు చెబుతాయి. నాకు ఆ సంగతి పుస్తకాల వల్ల కాక, నా కుడి మోకాలి వల్ల తెలిసింది. 2015 ఫిబ్రవరిలో, తడ, సూళ్ళూరుపేట ఇంకా మా నెల్లూరు జిల్లాలోనే ఉన్న రోజుల్లో, మా మామగారి మాట కాదనలేక ఆయన్ను, అత్తగారిని, మా ఆవిడను, ఒక పెద్ద క్యారియర్ నిండా చేపల పులుసును వెంటబెట్టుకుని ఆ సరస్సులోని ఇరకం దీవి చూడడానికి బయలుదేరాను. చేపలు పట్టేవాళ్ళ దీవికి చేపల పులుసు మోసుకుపోవడమేమిటని నేను అడగలేదు. నెల్లూరులో అత్తగారు ముందురోజు రాత్రే మామిడికాయ వేసి పులుసు కాచి పెట్టిన తరువాత అలాంటి ప్రశ్నలు అడిగే అల్లుడు ఇంకా పుట్టలేదు.

మా మామగారు ముప్పై రెండేళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. విశ్రాంతి తీసుకున్నది బడి నుంచే గాని, శాస్త్రం నుంచి కాదు. కారు గూడూరు దాటకముందే పులికాట్ మన దేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సని, కాళంగి, ఆరణి నదులు తెచ్చే మంచినీరు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరు అందులో కలుస్తాయని, సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ గోడలాగా పొడవునా పడుకున్నదే శ్రీహరికోట అని ఆయన పాఠం ముగించారు. నీళ్ళంటే భయపడే మా అత్తగారికి వీటిలో ఒక్కటీ ధైర్యం ఇవ్వలేదు. ఆఖరికి ఆయన, "సగటు లోతు ఒక మీటరే. నువ్వు మునగాలన్నా కూర్చుంటే తప్ప మునగలేవు" అని హామీ ఇచ్చిన మీదట ఆవిడ శాంతించారు. ఆ మీటరులోనే మా ప్రారబ్ధమంతా దాగి ఉందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

భీములవారిపాళెం రేవు దగ్గర జనం లేరు. తిరునాళ్ళలాంటి విహారస్థలాలకు అలవాటుపడిన కంటికి అది మొదట వెలితిగానే తోస్తుంది. వలలు ఆరబెట్టిన కర్రలు, ఒడ్డుకు లాగిన నాలుగు పడవలు, వాటి నీడలో నిద్రపోతున్న ఒక కుక్క, ఆ వెనుక ఎక్కడ నీరు అయిపోయి ఎక్కడ ఆకాశం మొదలయిందో తెలియని బూడిదరంగు వెడల్పు, అంతే. దూరంగా సన్నటి పచ్చటి గీతలాగా ఇరకం కనిపిస్తున్నది. ఆ ఊరివాళ్ళు పెళ్ళిచీర కొనాలన్నా, పెద్ద వైద్యానికి పోవాలన్నా పడవే ఎక్కాలి. "అవతలి ఒడ్డు నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్ మొన్న సెప్టెంబరులో అంగారకుడి దగ్గరికి చేరింది. ఇవతలి ఒడ్డు నుంచి మనం ఇరకం చేరలేమా?" అని మామగారు పంచె ఎగగట్టి పడవ ఎక్కారు. పడవ ఒక్కసారి ఆయన వైపు ఒరిగి, మర్యాదగా సర్దుకుంది.

మా మామగారిది భారీ విగ్రహం. ఇంతకన్నా వివరంగా రాయడం అల్లుడిగా నాకు తగదు.

"పెద్దాయన నడిమధ్యన కూసుంటే బాగుంటాది సార్" అన్నాడు పడవ అతను, ఆయనతో కాక నాతో. దృశ్యం ముందువైపు నుంచే బాగుంటుందని మామగారు ముక్కు దగ్గర ఆసీనులయ్యారు. కాసేపు అంతా సవ్యంగానే సాగింది. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండిన సరస్సులో నీరు ఫిబ్రవరికి తగ్గడం మొదలుపెడుతుంది గనుక, పడవ అతను ఇంజను ఆపుతూ, గడ వేసి లోతు చూసుకుంటూ, తిన్నగా పోయే దారి వదిలి వంకరలు తిరుగుతూ పోతున్నాడు. ఆ వంకరలు మామగారికి నచ్చలేదు. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖ అని ఆయన వివరించారు. ఆ విషయం ఆయనకు తెలిసినంత బాగా పడవకు తెలియదు. అయినా అతను పెద్దవారి మాటకు విలువనిచ్చి తిన్నగా తిప్పాడు. నూరు బారలు పోయామో లేదో, అడుగున మెత్తగా, ఎవరో పరుపు మీద వాలినట్లు ఒక చప్పుడు వినిపించి పడవ ఆగిపోయింది.

గడతో నెట్టితే గడ దిగబడింది గాని పడవ కదల్లేదు. "బరువు కొంచెం తగ్గితే లేస్తాది సార్" అన్నాడతను, మళ్ళీ నాతోనే, ఆకాశం వైపు చూస్తూ. నాకు అర్థమయింది. మా ఆవిడకు అర్థమయింది. మా అత్తగారు నలభై ఏళ్ళ కాపురం చేసిన మనిషి గనుక అందరికన్నా ముందే అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మామగారు మాత్రం పడవనంతా ఒకసారి పరికించి, "ఆ క్యారియర్ బరువు తక్కువేమీ కాదు. భోంచేసేద్దాం" అని తీర్పు చెప్పారు.

అలా సరస్సు నడుమ, బురద మీద నిలకడగా నిలిచిన పడవలో మేము విస్తళ్ళు పరిచాం. పులుసు అద్భుతంగా ఉందనడంలో సందేహం లేదు. ఒకరోజు ఊరిన ముక్క పులుపును ఎలా పీల్చుకుంటుందో తెలిసినవారికి నేను చెప్పనక్కరలేదు. పడవ అతను కూడా రెండు ముక్కలు తిని, మా సరస్సు చేప కాదు గాని బాగుందని ఒప్పుకున్నాడు. మామగారు మూడోసారి వడ్డించుకుంటూ ఉండగా మా ఆవిడ నా చెవిలో, "క్యారియర్‌లోది కడుపులోకి పోతే పడవకు తేలికవుతుందా?" అని అడిగింది. ఆర్కిమెడీస్ సూత్రాన్ని ముప్పై రెండు బ్యాచ్‌లకు చెప్పిన మనిషి ముందు ఆ సందేహం బయటపెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

భోజనమయ్యాక, ఊహించినట్లే, పడవ అంగుళం కూడా లేవలేదు. ఇక దిగి తోయడమొక్కటే దారి. దిగవలసింది ఎవరో కూడా మాట్లాడుకోకుండానే తేలిపోయింది.

నీళ్ళు పిక్కల దాకానే ఉన్నాయి. అసలు లోతు నీటి కింద మొదలవుతుందని కాలు పెట్టాక తెలిసింది. పైన చల్లగా, లోపల గోరువెచ్చగా, పట్టుకుంటే వదలని నల్లటి అడుసు అది. కుడికాలు మోకాలి దాకా దిగబడింది. దాన్ని పీకుతుంటే ఎడమకాలు దిగబడింది. ఒక పెద్ద బుడగ పైకి వచ్చి కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో నా ముఖం ముందర పగిలింది. కుడికాలు చివరికి బయటికి వచ్చింది గాని, పోయిన సంక్రాంతికి మామగారే కొనిపెట్టిన తోలు చెప్పు లోపలే ఉండిపోయింది. భుజం దాకా చెయ్యి పెట్టి వెతికితే గవ్వలు దొరికాయి, పాత వలముక్క దొరికింది, చెప్పు మాత్రం దొరకలేదు.

సరిగ్గా అప్పుడే మామగారు, "అటు చూడు అల్లుడూ!" అన్నారు. రెండు వందల గజాల దూరంలో ఫ్లెమింగోలు బారులు తీరి నిలుచున్నాయి. కర్రపుల్లల్లాంటి గులాబీ కాళ్ళతో అదే బురదలో, చీర కుచ్చెళ్ళు తడవకుండా నడిచే పెద్దింటి ఆడవాళ్ళలాగా అవి అడుగులు వేస్తున్నాయి. వాటి పాదాలకు వేళ్ళ మధ్య పొర ఉంటుందని, కాళ్ళతో బురదను కెలికి, ముక్కును తలకిందులుగా ముంచి, నీటిని వడకట్టి తిండి ఏరుకుంటాయని, తినే నాచు, రొయ్యల వల్లే ఆ రంగు వస్తుందని ఆయన పడవలో కూర్చుని చెబుతుంటే, నేను కింద నిలబడి విన్నాను. బురదను కాళ్ళతో కెలకడంలో నేను వాటికేమీ తీసిపోలేదు. రంగు మాత్రం వేరేది అంటుకుంది.

నేను ఒక గంట తోశాను. పడవ అతను పక్కన దిగి సాయం పట్టాడు. ఆ సమయంలో తడ సంతనుంచి తిరిగిపోతున్న చిన్న పడవొకటి, మేము వదిలిన వంకరదారిలోనే, మా పక్కగా వచ్చింది. అందులో కూరగాయల బుట్టల నడుమ కూర్చున్న ఒక ముసలమ్మ మమ్మల్ని తేరిపార చూసి, "ఏం నాయనా, ఆ బొజ్జాయన్ని దించకుండా పిలగాడి చేత తోయిస్తా ఉండావే?" అని పడవ అతన్ని అడిగి, సమాధానం కోసం ఆగకుండా సాగిపోయింది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మామగారి ముఖంలో ఎర్రదనం వచ్చి, తగ్గి, చివరకు ప్రయోగశాలలో కనిపించే గంభీరత నిలిచింది. "ఆవిడ చెప్పింది తప్పని రుజువు చేస్తాను" అని ఆయన నా భుజం పట్టుకుని దిగారు. పాదం నేలకు ఆనిందో లేదో, పడవ నిద్ర లేచినట్లు పైకి లేచి, గాలికి ఊగి, మా ఆవిడను, అత్తగారిని, ఖాళీ క్యారియర్‌ను తీసుకుని తనంతట తాను తేలిపోయింది. పడవ అతను ఈదినట్లు పరుగెత్తి దాన్ని అందుకున్నాడు గాని, మళ్ళీ ఇటు తెస్తే మళ్ళీ కూరుకుంటుందని, మమ్మల్నే అక్కడికి రమ్మన్నాడు. మామా అల్లుళ్ళం ఒకరి భుజం ఒకరం పట్టుకుని, మిగిలిన మూడు చెప్పుల్లో రెండింటిని దారిలో సమర్పించుకుంటూ నడిచాం. పడవ దగ్గరికి చేరేసరికి నీరు నడుము దాకా వచ్చింది.

"చూశావా అల్లుడూ, మీటరు" అన్నారాయన.

పొద్దు వాలుతున్నందున ఇరకం పోకుండానే వెనక్కు తిరిగాం. ఈసారి మామగారు ఎవరూ చెప్పకుండానే నడిమధ్యన కూర్చున్నారు. ఆ రాత్రి ఆయన తన డైరీలో రాసుకున్న వాక్యాన్ని మా ఆవిడ దొంగతనంగా చదివి వచ్చి నాకు చెప్పింది: "మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో సరస్సు నీటిమట్టం అకస్మాత్తుగా పెరిగింది. కారణం పరిశీలించవలసి ఉన్నది."