ఆ నవల నాకు తిరిగి తెచ్చివ్వకండి

పుస్తకం పరహస్తం గతం గతః అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మిగతా పుస్తకాల సంగతి ఎలా ఉన్నా, డిస్టోపియన్ నవల (భయంకరమైన సమాజాన్ని ఊహించి రాసేది) మాత్రం అలా పోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. నా దగ్గర అలాంటి నవల తీసుకెళ్లినవాళ్లకి చెప్పేది ఒకటే: చదివాక నాకివ్వొద్దు, ఇంకొకరికి ఇవ్వండి.

అసలు ఈ నవలలు బతికి బట్టకట్టిందే చేతులు మారడం వల్ల. రష్యన్ రచయిత జమ్యాతిన్ రాసిన 'వుయ్' నవలనే తీసుకోండి. 1920-21లో రాశాడు. అందులో మనుషులకి పేర్లుండవు, నంబర్లే. ఇళ్లకి గాజు గోడలు. సొంత దేశంలో దాన్ని అచ్చు వేయనివ్వలేదు. 1924లో న్యూయార్క్‌లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. సోవియట్ పాఠకులు దాన్ని అచ్చులో చూసింది 1988లో! ఈలోగా ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ ఎక్కడో ఆ నవల గురించి విని, కొన్నేళ్లకి ఫ్రెంచ్ అనువాదం సంపాదించి చదివి, 1946లో దాని మీద సమీక్ష రాశాడు. 1949లో ఆయన నవల '1984' వచ్చింది. అందులో ప్రభుత్వం జనాన్ని ఇళ్లలో కూడా గమనిస్తూ ఉంటుంది.

ఆ '1984'నీ సోవియట్ యూనియన్‌లో నిషేధించారు. అయినా జనం చదివారు. ఎలాగంటే, పల్చటి కాగితాల మధ్య కార్బన్ పేపర్లు పెట్టి టైప్ కొట్టేవాళ్లు. అడుగు ప్రతిలో అక్షరాలు అలుక్కుపోయి కనిపించీ కనిపించనట్టుండేవి. అలాంటి ప్రతి ఒక్కోసారి ఒక్క రాత్రికే చేతికొచ్చేది. తెల్లారేలోగా చదివి ఇచ్చేయాలి. దొరికితే ఉద్యోగం పోవచ్చు, జైలుకీ పోవచ్చు. నిద్ర మానుకుని, ఆ మసక అక్షరాలు కూడబలుక్కుంటూ చదివినవాళ్లని తలుచుకుంటే, నా అల్మారాలో దుమ్ము పట్టిన నవల చూసి నిజంగా సిగ్గేస్తుంది.

ఈ-బుక్ ఉందిగా అంటారు. 2009 జూలైలో ఏం జరిగిందో గుర్తుందా? అమ్మినవాళ్లకి హక్కులు లేవని తేలడంతో, జనం కొనుక్కున్న '1984'ని అమెజాన్ ఆ పాఠకుల ఈ-బుక్ పరికరాలైన కిండిల్‌లలోంచే తీసేసింది. డబ్బు వాపసు ఇచ్చారు, తర్వాత క్షమాపణా చెప్పారు. కానీ చదువు కోసం ఆ పుస్తకం మీద నోట్స్ రాసుకున్న ఒక కుర్రాడికి నోట్స్ మిగిలాయి, అవి దేని గురించో చూసుకోవడానికి పుస్తకం లేదు. మనం కొన్నామనుకునేది చాలాసార్లు చదువుకునే లైసెన్సే. దాన్ని మరొకరి చేతిలో పెట్టలేం. కాగితం పుస్తకం అయితే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాకు చేరిన '1984' ప్రతికి అట్ట ఊడిపోయింది, వెన్నుకి టేపు అతికించి ఉంది. కథానాయకుడు విన్‌స్టన్ డైరీ మొదలుపెట్టే చోట ఎవరో పెన్సిల్‌తో "ఇంత భయం ఎందుకు? వాళ్లు చూస్తున్నారని ఏంటి నమ్మకం?" అని రాశారు. దాని కిందే నీలం ఇంకుతో ఇంకెవరో: "చూస్తున్నారో లేదో తెలియకపోవడమే భయం." ఆ పక్కన మూడో చేతిరాత: "మరీ అతి." ఒకరికొకరు తెలియని ముగ్గురు ఒక అంచులో వాదించుకుంటుంటే, కథ పక్కన పెట్టి అక్కడే చాలాసేపు ఉండిపోయాను. ఎవరి ఫోన్‌లో వాళ్లు చదువుకుంటే నాకు ఇది దొరికేదా?

ఇంకో మాట కూడా చెప్పాలి. నవలలోంచి ఒక్క వాక్యం బొమ్మగా చేసి "చూశారా, ఇప్పుడు జరిగేది ఇదే" అని షేర్ చేస్తారు. మనతో ఏకీభవించేవాళ్లు లైక్ కొడతారు. ఎదుటి పక్షం వాళ్లు అదే వాక్యాన్ని మన మీదకి విసురుతారు. నవల ఎవరూ తెరవరు. దయచేసి ఆ వాక్యం పంపడం మానేసి పుస్తకం ఇవ్వండి. అదీ మీరు రోజూ వాదించే మనిషికి ఇవ్వండి.

నేను మా అన్నయ్యకి ఇచ్చాను. తప్పు చేయనివాడికి కెమెరాలంటే భయం దేనికి అని నాతో ఎప్పుడూ గొడవపడతాడు. చదివాక ఫోన్ చేసి గంటన్నర మాట్లాడాడు. మారాడా అంటే, లేదు. కానీ మొదటిసారి నన్ను మాట పూర్తి చేయనిచ్చాడు. రెండు నెలల తర్వాత పుస్తకం ఏదని అడిగితే, ఆఫీసులో ఎవరికో ఇచ్చేశానన్నాడు. ఎవరికని నేను అడగలేదు. ఆ డైరీ పేజీలో, ఆ మూడు చేతిరాతల పక్కన, వాడేమైనా రాశాడేమో మాత్రం తెలుసుకోవాలని ఉంది.